ఉత్తరం వైపు కిటికీ

పళ్ల డాక్టరు తన రోగుల కుర్చీని ఉత్తరం కిటికీ పక్కన వేయించుకున్నది సోకు కోసం కాదు. పంటికి తొడుగు చేయాలంటే ముందు పక్క పళ్ల రంగు సరిగ్గా చూడాలి. ట్యూబులైటు కింద లోకంలోని పళ్లన్నీ ఒకే రంగులో కనిపిస్తాయి. ఏది పసుపో, ఏది బూడిదో పగటి వెలుగులోనే తేలుతుంది. అందులోనూ ఉత్తరం వెలుగు నిలకడగా ఉంటుంది, కళ్లలో గుచ్చుకోదు. ఆ కిటికీ కోసమే ఆమె పెళ్లైన కొత్తలో ఆ రెండో అంతస్తు గదిని అద్దెకు తీసుకుంది. జుట్టు నెరిసేదాకా అక్కడే ఉంది.

కిటికీ అవతల ఒక పాత బంగళా, దాని వెనక పెరడు. ఏళ్ల తరబడి దాని గొడవ ఎవరికీ పట్టలేదు. ఈ సంగతి జరిగిన ఏడాది అందులోకి భద్రతా శాఖవారి ఏదో విభాగం దిగింది. ఏ విభాగమో బోర్డు పెట్టలేదు. బోర్డు లేకపోవడమే తమ గొప్పని వాళ్ల నమ్మకం.

ఒకరోజు పొద్దున్నే ఆ విభాగం నుంచి ఒక అధికారి వచ్చాడు. దువ్వి తిప్పిన మీసం, చంకలో ఫైలు. క్లినిక్ అంతా ఒకసారి కలియజూసి కిటికీ దగ్గర ఆగాడు.

"దీన్ని మూసేయాలి మేడమ్. రెక్కలు వేసి కాదు, ఇటుకలతో."

"ఎందుకు?"

"భద్రతా కారణాలు."

"ఏమిటా కారణాలు?"

"అవి చెప్తే భద్రతకే భంగం."

"పోనీ, ఏ చట్టం కింద?"

"భద్రతా చట్టం. అవసరమైన చర్యలన్నీ తీసుకోవచ్చని అందులో ఉంది. అవసరమని మా శాఖ కార్యదర్శిగారికి తృప్తి కలిగితే చాలు, ఇంకెవరూ అడగడానికి లేదు."

"కోర్టు కూడానా?"

మీసాల అధికారి జాలిగా నవ్వాడు. "కోర్టుకేం పని మేడమ్? ఇది దేశం విషయం."

ఉత్తర్వు కాగితం బల్ల మీద పెట్టి వెళ్లబోయి, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు. ఎలాగూ వచ్చాడు కాబట్టి కింది దవడ పన్ను ఒకటి కాస్త చూడమన్నాడు. చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోందట. డాక్టరు అతన్ని అదే కిటికీ పక్కన, అదే వెలుగులో కూర్చోబెట్టి నోరు తెరిపించింది. బుగ్గలో దూది కుక్కి, అద్దంతో లోపల చూస్తూ అడిగింది.

"ఇక్కణ్నుంచి నేనేం చూసేస్తానని మీ భయం?"

"ఆఁ... ఆఁ..."

"మీకూ తెలీదు కదూ?"

నోరు అలా తెరిచి ఉండగా అవునని తలూపడానికీ లేదు, కాదనడానికీ లేదు. కళ్లు మాత్రం కప్పు వైపు తిప్పుకున్నాడు. పన్ను పుచ్చింది, మళ్లీ రావాలని చెప్పి పంపించింది.

ఆ భవనంలో అదే వరుసన ఉత్తరం కిటికీలున్న వాళ్లు మరికొందరు ఉన్నారు. అందరికీ అవే కాగితాలు వచ్చాయి. కింది అంతస్తు దర్జీ ఆ సాయంత్రమే తాపీవాణ్ని పిలిపించాడు. పక్కగది ఆడిటరు ఇంకాస్త ముందుకెళ్లి, గోడ కట్టాక ఫొటో తీసి ఆ శాఖకు పంపించాడు. పై అంతస్తు ట్యూషన్ మాస్టారైతే ఉత్తరం కిటికీతో ఆగలేదు. రేపు దక్షిణం వైపు కూడా అడుగుతారేమోనని అదీ మూయించేశాడు. ఆయన దగ్గర చదువుకునే పిల్లలు ఆవేళ నుంచి డబ్బాలో పెట్టిన బిస్కెట్లలా కూర్చుంటున్నారు.

వీళ్లందరినీ ఇంత హడలగొట్టిన కార్యదర్శిని వీళ్లెవరూ నేరుగా చూసింది లేదు, టీవీలో తప్ప. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు, కాబట్టి ఎవరికీ జవాబు చెప్పే అలవాటు లేదు. గొంతు తగ్గించి మాట్లాడితే లోతైన మాటలా వినిపిస్తుందని ఎక్కడ నేర్చుకున్నాడో, ఎప్పుడూ గుసగుసగానే మాట్లాడేవాడు. "మీరు హాయిగా నిద్రపోతున్నారంటే మేం మేలుకుని ఉండటం వల్లే" అనేది ఆయనకు ఇష్టమైన వాక్యం. ఆ గొంతు విన్నవాళ్లకు నిజంగానే నిద్ర వచ్చేది.

డాక్టరు ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లి భర్తకు చూపించింది. ఆయన ప్రభుత్వ కళాశాలలో రాజనీతిశాస్త్రం చెప్తాడు. ప్రభుత్వాధికారానికి హద్దులు అన్న పాఠం ఆయన సొంత ఆస్తి లాంటిది. ఏటా అదే పాఠం, అవే ఉదాహరణలు, అదే చోట బల్ల మీద అదే గుద్దు. కాగితం చదవగానే ఆయన ముఖం పాలిపోయింది.

"గోడే కదే. లైటు వేసుకో."

"లైటు కింద రంగు తెలీదండీ."

"తెలిసినంత తెలుస్తుంది. వాళ్లతో మనకెందుకు? నాది ప్రభుత్వోద్యోగం."

"మరి మీ పాఠంలో హద్దులని ఏదో చెప్తారే, అది దేనికి?"

"అది పరీక్షకి."

అత్తగారు భోజనాల బల్ల దగ్గర కూర్చుని అంతా వింటోంది. ఆవిడ నోట్లో ఉన్నది కోడలు చేసిపెట్టిన కట్టుడు పళ్ల సెట్టు. వాటిని ఒకసారి సర్దుకుని అంది.

"వీడు చిన్నప్పుడూ అంతే అమ్మాయ్. ఎవడైనా వీణ్ని కొడితే, కొట్టినవాడికి చెయ్యి నొప్పి పుట్టిందేమో అని చూసేవాడు."

"అమ్మా, నువ్వూరుకో. నీకు రాజకీయం తెలీదు."

"నాకు తెలీదు నాయనా. నీకు తెలిసి ఏం చేశావు?"

ఆయన పేపరు తిరగేశాడు.

కాగితంలో ఇచ్చిన గడువు అయిపోయిన మర్నాడు శాఖవాళ్లే మనుషుల్ని పంపించారు. బయట పరంజా కట్టి పని మొదలుపెట్టారు. ఆ సమయానికి కుర్చీలో ఒక అమ్మాయి ఉంది. హోటల్లో రిసెప్షన్ దగ్గర పని చేస్తుంది. మెట్ల మీద జారిపడి ముందు పన్ను విరగ్గొట్టుకుంది. డాక్టరు రంగుల నమూనా పళ్లను ఒక్కొక్కటే ఆమె పెదవి దగ్గర పెట్టి చూస్తోంది. బయట ఒక వరుస లేచింది. ఇంకో వరుస లేచింది. డాక్టరు కుర్చీని కాస్త పైకి లేపింది. మరో వరుస లేచింది. కుర్చీ ఇక పైకి లేవలేదు. చివరికి ట్యూబులైటు వేసి, కళ్లు చికిలించి, ఒక రంగు ఎంచి ల్యాబుకు పంపించింది.

తొడుగు వచ్చింది. క్లినిక్‌లో పెట్టి చూస్తే అతికినట్టుంది. అమ్మాయి మురిసిపోతూ మెట్లు దిగింది. కాసేపటికి మళ్లీ ఎక్కి వచ్చింది. వీధిలో ఆగి ఉన్న కారు అద్దంలో చూసుకుందట.

"ఇది పన్నులా లేదు డాక్టరుగారూ, గులకరాయిలా ఉంది. నేను రోజంతా వచ్చేపోయే వాళ్లతో నవ్వుతూ మాట్లాడాలి. దీనితో ఎలా నవ్వను?"

ఆమె తప్పేం లేదు. డాక్టరు ఆమెను డాబా మీదికి తీసుకెళ్లి, నీళ్ల ట్యాంకు గట్టు మీద కూర్చోబెట్టి, ఎండ తగలకుండా నీడ పట్టున మళ్లీ రంగు చూసింది. ఎదురు మేడల మీద బట్టలారేస్తున్న వాళ్లు పని ఆపి ఈ తమాషా చూశారు. ఇన్నేళ్ల పనిలో రోగిని డాబా ఎక్కించాల్సి రావడం ఆమెకు తల కొట్టేసినట్టయింది. కిందికి దిగి నేరుగా చెల్లెలికి ఫోన్ చేసింది. చెల్లెలంటే చిన్నాన్న కూతురు, లాయరు.

"నేను అద్దె కేసులు చూసుకునేదాన్నక్కా. దేశభద్రత గురించి నాకేం తెలుసు?"

"ఇదీ అద్దె కేసే. నేను వెలుగుకి కూడా కలిపే అద్దె కడుతున్నాను."

 అవతల చెల్లెలు నవ్వింది. "ఆ కాగితం పట్టుకురా" అంది.

కేసు వేసిన సంగతి తెలియగానే భవనం గుమ్మంలో ఒక కాపలావాడు వెలిశాడు. పళ్ల డాక్టరు దగ్గరికని చెప్పిన ప్రతివాళ్ల పేరూ, ఊరూ, తండ్రి పేరూ రాసుకునేవాడు. పంటి నొప్పితో దవడ పట్టుకుని వచ్చిన వాళ్లు తండ్రి పేరు చెప్పుకుంటూ నిలబడాల్సి వచ్చేది. కొందరు వెనక్కి తిరిగిపోయారు. క్లినిక్‌లో బెంచీ ఖాళీ అయింది. ఒక మధ్యాహ్నం డాక్టరు పరికరం చేతిలోకి తీసుకుంటే వేళ్లు వణికాయి. పళ్ల డాక్టరుకు వేళ్లు వణకడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. పరికరం పక్కన పెట్టేసి, చేతులు కడుక్కుని, మళ్లీ కడుక్కుని, ఆ రోగిని రేపు రమ్మంది. ఆ రోజంతా ఎవరి మీదా చెయ్యి వేయలేదు.

ఇంటికొస్తే భర్త సోఫాలో కుప్పకూలి ఉన్నాడు. ప్రిన్సిపాల్ పిలిచి "మీ ఆవిడ ఏదో కేసు వేసిందట కదా" అని అడిగాడట. అంతే, ఇంకేం అనలేదట. ఆ ఒక్క ప్రశ్నకే ఈయనకు జ్వరం వచ్చింది. వాయిదా రోజు కోర్టుకు వస్తారా అని భార్య అడిగింది. ఆ రోజు పేపర్లు దిద్దాల్సి ఉందన్నాడు. అత్తగారు మాత్రం చెప్పులు తొడుక్కుని ముందే గుమ్మంలో నిలబడింది.

కేసు పడింది ఒక ముసలి జడ్జి దగ్గర. రిటైరు కావడానికి దగ్గర పడ్డాడు. ప్రభుత్వాన్ని ఏనాడూ నొప్పించి ఎరుగడు. కోర్టు గుమస్తాలు ఆయన్ని చాటుగా "అలాగే జడ్జి" అనేవాళ్లు. ప్రభుత్వం ఏం కోరినా "అలాగే" అనేవాడు కాబట్టి. ఆ పేరు విని చెల్లెలు సగం చచ్చిపోయింది.

ప్రభుత్వం తరఫున పెద్ద లాయరు వచ్చాడు. ఆయన నడుస్తుంటే వెనక జూనియర్లు పెళ్లివారిలా నడిచారు. చెల్లెలు చెప్పాల్సింది చెప్పింది. చట్టంలో "అవసరమైన చర్యలు" అని ఉంది, ఇష్టమైన చర్యలు అని లేదు, అవసరం ఏమిటో చెప్పమనండి, అంతే అంది. పెద్ద లాయరు ఆవులింత ఆపుకుని, లక్కముద్ర వేసిన కవరొకటి పైకి అందించాడు.

"కారణాలన్నీ ఇందులో ఉన్నాయి యువరానర్. తమరు మాత్రమే చూడాలి. అవతలివారికి చూపించడానికి లేదు."

"చూడకుండా నేను దేనికి జవాబు చెప్పను యువరానర్?" అంది చెల్లెలు.

జడ్జి అలాంటి కవర్లు చాలా విప్పాడు. విప్పి, చదివి, తలూపి, అలాగే అన్నాడు. ఇప్పుడూ చెయ్యి చాచాడు. పెద్ద లాయరు అక్కడితో ఊరుకుని ఉంటే ఆ కిటికీ ఈనాటికీ గోడగానే ఉండేది. కానీ గెలుపు ఖాయమనుకున్న వాడి నోరు ఊరుకోదు.

"నిజానికి తమరు చూడాల్సిన అవసరం కూడా లేదు. కార్యదర్శిగారికి తృప్తి కలిగింది, చట్టానికి అది చాలు. ఏదో మర్యాద కోసం తెచ్చాం."

జడ్జి చెయ్యి కవరు మీద ఆగిపోయింది.

"మర్యాద కోసమా?"

"అంటే, తమరి మీద గౌరవంతో."

జడ్జి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అయితే ఒకటి చెప్పండి. కార్యదర్శిగారికి రేపు ఈ కోర్టు కిటికీలు అడ్డమనిపిస్తే?"

"అలా అనిపించదు యువరానర్."

"అనిపిస్తుందా అని నేనడగలేదు. అనిపిస్తే మూయించొచ్చా అని అడిగాను."

పెద్ద లాయరు జూనియర్ల వైపు చూశాడు. వాళ్లు ఫైళ్ల వైపు చూశారు.

"చట్టంలోని మాటల్ని బట్టి చూస్తే... మూయించవచ్చు."

"తలుపు?"

"అవసరమైతే..."

"నన్ను లోపల పెట్టి?"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. అది అత్తగారే. బంట్రోతు కళ్లెర్ర చేసి చూస్తే పళ్లు సర్దుకుంటున్నట్టు నటించింది.

పెద్ద లాయరు అటు తిప్పీ ఇటు తిప్పీ, ప్రభుత్వాన్ని నమ్మాలి కదా యువరానర్ అన్నాడు. నమ్మకం ఇంట్లో పెట్టుకోండి, ఇక్కడ కారణం పెట్టండి అన్నాడు జడ్జి. కవరును ముద్ర విప్పకుండానే వెనక్కి తోశాడు.

"అవతలివారు చూడకూడనిది నేనూ చూడను. అవసరమని చెప్పేవాళ్లే అవసరమేమిటో చూపించాలి. చూపించలేదు కాబట్టి ఆ ఉత్తర్వు చెల్లదు. గోడ తీసేయండి."

ఆ మాటల్లో చట్టం మీద ప్రేమ ఎంతో, తన కుర్చీని చిన్నచూపు చూశారన్న మంట ఎంతో ఎవరూ తూచలేరు. ఉద్యోగమంతా "అలాగే" అన్న మనిషికి, తాను అడగనక్కర్లేదని ఎదురుగా నిలబడి చెప్పేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. అయితేనేం, తీర్పు తీర్పే. కోర్టు మెట్ల మీద చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని కూలబడిపోయింది. డాక్టరు మాత్రం ఆ చేతిని గమనించింది. ఈసారి వణుకుతున్నది తనది కాదు.

గోడ తీయడానికి ఎవరూ రాలేదు. వచ్చింది మీసాల అధికారి, వాచిన దవడతో, కొత్త కాగితంతో.

"పాత ఉత్తర్వు గోడ గురించి మేడమ్. దాన్ని కోర్టు కొట్టేసింది, మేం ఒప్పుకున్నాం. ఇది తెర గురించి."

"ఏ తెర?"

అతను ఇటుకల వైపు చూపించాడు.

"ఇటుకల తెరా?"

"ఫైల్లో అలాగే ఉంది మేడమ్." అతనికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మాట మార్చి, ఈ పన్ను తీసేయాలంటారా అని అడిగాడు.

"తీయను. బాగుచేయొచ్చు. కానీ ఈ చీకట్లో చేయను" అంది డాక్టరు.

చెల్లెలు ఆ కాగితం జడ్జి ముందు పెట్టింది. జడ్జి దాన్ని చదివి, మళ్లీ చదివి, కార్యదర్శిని స్వయంగా రమ్మన్నాడు.

కార్యదర్శి వచ్చాడు. కూర్చోవడానికి కుర్చీ కోసం అటూ ఇటూ చూశాడు. ఎవరూ వేయలేదు. అలవాటైన గుసగుసతో ఏదో మొదలుపెట్టాడు.

"వినపడటం లేదు. గట్టిగా చెప్పండి" అన్నాడు జడ్జి.

గట్టిగా మాట్లాడితే ఆయన గొంతు పీలగా ఉంది. హాల్లో చాలామంది ఆ సంగతి అప్పుడే తెలుసుకున్నారు.

"గోడకీ తెరకీ తేడా ఏమిటి?"

"ఉద్దేశంలో తేడా ఉంది."

"ఆ పెరట్లో ఏముంది?"

"చెప్పలేను."

"చెప్పకూడదా, తెలీదా?"

కార్యదర్శి పెద్ద లాయరు వైపు చూశాడు. పెద్ద లాయరు ఆ సమయానికి తన గౌను కుచ్చెళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు.

"కింది అధికారులు సిఫారసు చేశారు. నేను సంతకం పెట్టాను."

"మీకు తృప్తి కలిగిందని కాగితంలో ఉంది."

"సంతకం పెట్టానంటే... కలిగినట్టే."

"ఆ స్థలం చూశారా?"

"లేదు."

"ఫైలు చదివారా?"

"సారాంశం చదివాను."

"సారాంశంలో ఏముంది?"

"అవసరమని ఉంది."

జడ్జి చాలాసేపు ఆయన ముఖంలోకి చూశాడు. దేశాన్నంతా మేలుకుని కాపలా కాస్తున్నాడనుకున్న మనిషి ఇతనేనా అని వెతుకుతున్నట్టు చూశాడు. "సాయంత్రంలోగా ఆ ఇటుకలు ఉంటే, రాత్రికి మీరు ఇంట్లో ఉండరు" అన్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళకే ఇటుకలు దిగిపోయాయి. ఎంత హడావిడి చేశారంటే కిటికీ చట్రం కూడా కాస్త ఊడివచ్చింది. దుమ్ము సర్దుకున్నాక డాక్టరు బయటికి చూసింది. పెరట్లో కాళ్లు విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన కూలర్లు, ఒక తాడు మీద తువ్వాళ్లూ ఎవరివో బనియన్లూ. ఇంకేమైనా రహస్యం ఉంటే ఉండొచ్చు. ఆమె వెతకలేదు. దుమ్ము తుడిచి, కుర్చీని దాని చోటికి జరిపింది.

ఆ వారం టీవీలో కొందరు పెద్దమనుషులు కూర్చుని, కోర్టు దేశాన్ని శత్రువుల చేతిలో పెట్టేసిందని వాపోయారు. శత్రువులెవరూ పళ్ల డాక్టరు దగ్గరికి రాలేదు. వచ్చినవాడు మీసాల అధికారి ఒక్కడే, గుమ్మంలో కాపలావాణ్ని తీసేశాక, పన్ను బాగుచేయించుకోవడానికి. కార్యదర్శిని ఆ పదవి నుంచి తీసేశారు. తీసేసి, అంతకంటే పెద్ద పదవిలో సలహాదారుగా వేశారు.

భర్తకు జ్వరం తగ్గింది. తగ్గడమే కాదు, కళాశాలలో పాఠం చెప్తూ "మేము కోర్టుకు వెళ్లినప్పుడు" అనడం మొదలుపెట్టాడు. ఎవరో సంఘంవాళ్లు ఆయన్ని ఆ విషయం మీద మాట్లాడటానికి పిలిచారు. బయల్దేరుతూ భార్యను కూడా రమ్మన్నాడు, ముందు వరుసలో కుర్చీ వేస్తారట.

"నాకు రోగులున్నారండీ" అంది ఆమె.

"నేనొస్తా నాయనా. నువ్వెళ్లిన కోర్టు ఏదో నాకూ చూడాలనుంది" అంది అత్తగారు. ఆయన తల్లిని తీసుకెళ్లలేదు.

తీర్పు ఒక్క పళ్ల డాక్టరు కిటికీకే వర్తిస్తుందని శాఖవాళ్లు మిగతా అందరికీ కాగితాలు పంపించారు. ఆడిటరు దాన్ని జాగ్రత్తగా దాచుకున్నాడు. ట్యూషన్ మాస్టారు, కిటికీలు లేకపోతేనే పిల్లల ధ్యాస చెదరదు అన్నాడు. కింది అంతస్తు దర్జీ మాత్రం ఒక సాయంత్రం కొలతల టేపు మెడలో వేసుకునే పైకి వచ్చాడు. కిటికీ ముందు నిలబడి చాలాసేపు వెలుగును చూశాడు.

"నల్లదారానికీ ముదురు నీలానికీ తేడా తెలీడం లేదు డాక్టరమ్మా. నిన్న ఒకాయన ప్యాంటు వెనక్కిచ్చేశాడు. మీ చెల్లెలుగారికి చెప్పి నా కిటికీకి కూడా ఒక కేసు వేయించండి."

"తప్పకుండా. రేపు రండి, సంతకాలు పెడుదురుగాని."

దర్జీ టేపును వేలికి చుట్టుకున్నాడు. "సంతకమా? అబ్బే, నా పేరొద్దు. మీ పేరుతోనే వేసేయండి. మీకైతే అలవాటే కదా."

"అది మీ కిటికీ. మీరే అడగాలి."

"మరి వాళ్లు వచ్చి ఏమైనా అంటే?"

"అంటారు. నన్నూ అన్నారు. గుమ్మంలో మనిషిని పెట్టారు, బెంచీ ఖాళీ చేశారు. అలా జరగదని నేను మీకు అబద్ధం చెప్పను. చెల్లెలు మాత్రం మీ పక్కన నిలబడుతుంది. నేనూ వస్తాను."

ఇంట్లో అడిగి చెప్తానన్నాడు దర్జీ. మెట్లు దిగుతూ మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. డాక్టరు గుమ్మంలో నిలబడి చూసింది. అతను తల తిప్పలేదు. ఆ తర్వాత కూడా ఆమె మెట్ల మీద ఎదురైతే టేపు సర్దుకుంటూ తల దించుకుని పోతాడు. అతని దుకాణంలో పట్టపగలే ట్యూబులైటు వెలుగుతుంది. దాని కింద అతను రెండు దారపుండలు పట్టుకుని, కళ్లకు దగ్గరగా తెచ్చుకుని చూసుకుంటూ ఉంటాడు.